నూరు డోసుల సీసా

(ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో తెలుగు మహిళా సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. అప్పలకూ, వదినలకూ, వెనకాల గోడకానుకుని నిలబడ్డ తమ్ముళ్ళకూ. లోపలికి రండి బాబూ, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. కోళ్ళ గురించి మాట్లాడమన్నారు, కోళ్ళ గురించే మాట్లాడతాను. నాది కాశీనగరం దగ్గర, వంశధార ఒడ్డున ఉన్న ఊరు. చాలా ఏళ్ళు అంగన్‌వాడీలో పనిచేశాను, పిల్లలకి గుడ్లు ఉడకబెట్టి పెట్టడమే నా ఉద్యోగం అనుకోండి. ఇంటికి వస్తే మళ్ళీ కోళ్ళే. పెళ్ళయి ఆ ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచి పెరట్లో కోడి లేని రోజు లేదు, ఒక్క నాలుగు నెలలు తప్ప. ఆ నాలుగు నెలల సంగతి చెప్పడానికే ముఖ్యంగా వచ్చాను.

2018 అక్టోబర్ 11, తిత్లీ తుఫాను. ఇక్కడున్నవాళ్ళలో దాన్ని మర్చిపోయినవాళ్ళు ఎవరూ ఉండరు. గజపతి జిల్లాలో ఎంతమంది పోయారో, ఎన్ని ఇళ్ళు కొండచరియల కింద పడ్డాయో మీకు నేను చెప్పక్కర్లేదు. మా ఇంట్లో అప్పటికి 17 కోళ్ళు. గూడు మీది రేకు గాలికి లేచిపోతే పెట్టలన్నింటినీ వంటింట్లోకి తెచ్చి గంపల కింద మూసి, మేమూ అక్కడే కూర్చున్నాం. అంత తుఫానులో పోయినవి రెండే. పదిహేను మిగిలాయని మా అత్తగారు దేవుడికి దండం పెట్టుకుంది.

నెలన్నర గడిచింది. కార్తీకమాసం. మా పక్కింటివాళ్ళు సంతలో ఒక పుంజును కొన్నారు, నల్ల ఈకల్లో బంగారం రంగు, చూడ్డానికి ఎంత బాగుందో. రెండో రోజుకి అది ఒక మూల ఈకలు విప్పుకుని ముడుచుకుని కూర్చుంది, నాలుగో రోజు చచ్చిపోయింది. ఆ తర్వాత వారం తిరక్కుండా మా పదిహేనులో పద్నాలుగు పోయాయి. పచ్చగా, తెల్లగా పారడం, నోరు తెరిచి గురగురమని ఊపిరి తీయడం, రెక్కలు వేలాడేయడం. చివరికి మిగిలింది ఒక ఎర్ర పెట్ట. దాని మెడ తిరిగిపోయింది, ముఖం ఆకాశం వైపు. నూకలు ముందు పోస్తే తినాలని పొడుస్తుంది, కానీ ముక్కు గింజకి రెండంగుళాల పక్కన నేలమీద పడుతుంది. మళ్ళీ పొడుస్తుంది, మళ్ళీ పక్కనే. దానికి ఆకలి ఉంది, ఎదురుగా గింజ ఉంది, అందదు. నేను దాన్ని ఒళ్ళో పెట్టుకుని నూకల జావ ముద్ద చేసి నోట్లో పెట్టేదాన్ని. పదకొండు రోజులు పెట్టాను. పన్నెండో రోజు పొద్దున గంప ఎత్తితే కదల్లేదు.

అది కొక్కెర తెగులు. రాణిఖేత్ అంటారు. ఉత్తరాన కొండల్లో రాణిఖేత్ అనే ఊరు ఉంది, మన దేశంలో ఈ రోగాన్ని మొదట అక్కడ గుర్తించారని ఆ పేరు. వైరస్ రోగం. మందుల షాపులో ఇచ్చే పసుపు రంగు పౌడరు నీళ్ళలో కలిపి పట్టినా, వెల్లుల్లి నూరి మింగించినా ఆ వైరస్ చావదు. టీకా వేయని మందలో పడితే పదికి తొమ్మిది కూడా పోవచ్చు. వచ్చాక చేసేది లేదు, రాకుండా చేసేది మాత్రం ఉంది, అది పశువుల ఆసుపత్రి ఫ్రిజ్‌లో ఉంది.

పక్కింటివాళ్ళ మీద నాకు ఏ కోపమూ లేదు. ఎందుకంటే అంతకు పదేళ్ళ ముందు అదే పని నేనూ చేశాను. రెండు కోళ్ళు తల వేలాడేస్తే, మిగతా నాలుగూ పోయేలోపు నాలుగు రూపాయలు వస్తాయని సంతలో అమ్మేశాను. అవి ఎవరింటికి వెళ్ళాయో, ఎవరి పెరడు ఖాళీ చేశాయో నాకు తెలీదు. రోగం ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నడిచి వెళ్ళదమ్మా, మనం చంకలో పెట్టుకుని తీసుకెళ్తాం. సంతకి, చుట్టాలింటికి, మొక్కు తీర్చడానికి గుడికి. చచ్చేలోపు కోసుకుందామని కోసి ఈకలూ పేగులూ దిబ్బ మీద పారేస్తాం, కాకులూ కుక్కలూ వీధంతా లాక్కెళ్తాయి. ఇది తప్పని నేను మీకు చెప్పడం లేదు, నేను చేశానని చెప్తున్నాను.

సరే, ఇంత బాధ ఉంటే కోడి ఎందుకు, ప్యాకెట్ గుడ్లు కొనుక్కోవచ్చు కదా అని మా కోడలే అడిగింది. నేను దానికి ఒక రోజంతా చూపించాను. పొద్దున బియ్యం కడిగాక అడుగున మిగిలిన నూకలు, కూరగాయల తొక్కలు, పిల్లలు వదిలేసిన అన్నం, చోడంబలి గిన్నె కడిగిన నీళ్ళు, కల్లంలో రాలిన గింజ, పెరట్లో గడ్డి విత్తనం, పెంటకుప్పలో పురుగు, ఆనపపాదు కింద పాకే గొంగళి. ఇవన్నీ ఏం చేస్తావు అని అడిగాను. పారేస్తానంది. పారేసేదాన్ని గుడ్డుగా మార్చే ప్రాణి ఇంట్లో ఉంటే వద్దనుకుంటావా? దాని పెంట మళ్ళీ ఆనపపాదుకే పోతుంది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, పచ్చి కోడిపెంట తిన్నగా మొదట్లో వేస్తే వేర్లు కాలిపోతాయి, చాలా వేడి. ఊకతో, ఆకులతో కలిపి గుంటలో రెండు మూడు నెలలు మాగనిచ్చి అప్పుడు వేయండి.

అయితే ఇది ఎన్ని కోళ్ళకి సరిపోతుంది? ఇక్కడే అందరూ దెబ్బతింటారు. ఎవరో ఏభై కోళ్ళతో లాభాలని వీడియో పెడితే చూసి ఏభై పిల్లల్ని తెస్తారు. మన ఇంటి ఎంగిలికి, మన పెరటికి ఎనిమిది పెట్టలు, ఒక పుంజు, వెనకాల తిరిగే పిల్లలు, అంతే. అంతకు మించితే దాణా బస్తా కొనాలి. బస్తా కొన్న రోజు నుంచి అది పెరటి కోడి కాదు, చిన్న ఫారం. ఫారం పెట్టుకోవద్దని నేను అనను, అది వేరే వ్యాపారం, దానికి వేరే లెక్క ఉంది. నేను చెప్పేది ఖర్చు లేని కోడి గురించి. సాయంత్రం గూటికి వచ్చే వేళ తలా ఒక గుప్పెడు తవుడూ నూకలూ కలిపి వేస్తే చాలు, ఆ గుప్పెడు కోసమే చీకటి పడకముందు అన్నీ ఇంటికి చేరతాయి, మనకి లెక్కపెట్టుకోవడానికీ వీలు.

ఎంగిలి అన్నాను కదా అని అన్నీ వేయకండి. ఆవకాయ కలిపిన అన్నం, ఉప్పుచేప తలలు వద్దు, కోడికి ఉప్పు ఎక్కువైతే విషమే. బూజు పట్టిన అన్నం, బూజు పట్టిన వేరుశనగ చెక్క, తడిసి నల్లబడ్డ మొక్కజొన్న అసలు వద్దు. మనం తినలేమని కోడికి వేస్తాం, ఆ బూజులో ఉన్న విషం దాని కాలేయాన్ని తినేస్తుంది. గుడ్డు పెంకులు మాత్రం పారేయకండి. ఎండబెట్టి నలగ్గొట్టి వేయండి, ఏటిగట్టున నత్తగుల్లలు దొరికితే అవీ దంచి వేయండి. తోలుగుడ్డు పెడుతోందంటే దానికి సున్నం చాలడం లేదని అర్థం.

పురుగు మేత గురించి ఒక మాట. ఈ ఊళ్ళోనే పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు మన కొండల్లోని సవర గిరిజనుల భాషని ఆ సవరల దగ్గరే కూర్చుని నేర్చుకున్నారు. కోళ్ళ విషయంలో నేనూ ఒక సవర ముసలమ్మ దగ్గరే నేర్చుకున్నాను. పాత కుండ ఒకటి తీసుకుని, దాన్లో చిరిగిన గోనె ముక్క, గడ్డి, కాస్త పేడ కుక్కి, నీళ్ళు చల్లి, చెదపుట్ట దగ్గర సాయంత్రం బోర్లించి వస్తుంది. పొద్దున ఎత్తితే కుండ నిండా చెదలు. పిల్లల ముందు దులిపితే అవి తినే తీరు చూడాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కి! పుట్టిన వారం పది రోజుల పిల్లకి అంతకన్నా మంచి మేత లేదు. ఆవిడకి మాంసకృత్తులు అన్న మాట తెలీదు, పిల్లకి ఏం కావాలో తెలుసు. మహేంద్రగిరి అడవుల్లో అడవికోడి ఇప్పటికీ తిరుగుతుంది కదా, ఆ ఎర్ర అడవికోడే మన ఊరికోడికి మూలం. అది అడవిలో పిల్లల్ని పెంచేది ఇలా చెదలూ చీమగుడ్లూ గీరి చూపించే.

ఇక టీకా. పదిహేను కోళ్ళూ పోయాక, నాలుగు నెలలు గూడు ఖాళీగా పడి ఉంది. సున్నం కొట్టాను, ఎండ తగలనిచ్చాను. తర్వాత మా అప్ప ఒక పొదుగుకొచ్చిన పెట్టని, పన్నెండు గుడ్లని ఇచ్చింది. ఈసారి టీకా వేయించకుండా ఉండకూడదని పశువుల ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడ సీసా చేతిలో పెట్టి, ఇది నూరు డోసులమ్మా, మీకు ఎన్ని కోళ్ళు అన్నారు. ఒక్క పెట్ట, తొమ్మిది పిల్లలు అన్నాను. ఒకసారి కలిపితే గంట రెండు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారేయాల్సిందే అన్నారు. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని ఆలోచించాను. మన ఇళ్ళలో ఆరు కోళ్ళు, ఎనిమిది కోళ్ళు. సీసా నూరు కోళ్ళకి. అందుకే ఎవరూ వేయించడం లేదు. ధర వల్ల కాదు, మందు చాలా చవక. ఒక్క ఇంటికి అది పెద్ద సీసా, అంతే.

అప్పుడు మా వీధిలో లెక్క రాశాను. పద్నాలుగు ఇళ్ళు, 96 కోళ్ళు. సరిగ్గా ఒక సీసా.

నా జీవితంలో నేను చేసిన మంచిపనుల్లో ఆ లెక్క ఒకటని నేను నిజంగా అనుకుంటాను. ఎందుకంటే కొక్కెరకి కంచె అడ్డం కాదు. నా కోళ్ళకి నేను వేయించుకుని, పక్కింట్లో వేయకపోతే, నాకు కొత్తగా పుట్టిన పిల్లలకి అక్కడి నుంచే వస్తుంది. మా పక్కన ఒడియా వాళ్ళిల్లు ఉంది, ఆవిడ 'కుకుడా' అంటుంది, నేను కోడి అంటాను, రెండు పెరళ్ళ కోళ్ళూ ఒకే దిబ్బ గీరుతాయి.

ఎలా చేస్తామో చెప్తాను, రాసుకోవాలనుకుంటే రాసుకోండి. వారం ముందు నట్టల మందు తాగించాలి, కడుపులో పాములున్న కోడికి టీకా సరిగ్గా పట్టదు. పిల్లలకి ఐదో రోజు నుంచి ఏడో రోజులోపు లసోటా అనే మందు, కంట్లోనో ముక్కులోనో ఒక్క చుక్క. చుక్క వేసి వదిలేయకూడదు, పిల్ల కన్ను ఆర్పి ఆ చుక్క లోపలికి పోయేదాకా పట్టుకోవాలి. రెండు నెలలు దాటాక ఆర్‌టూబీ అనే టీకా, అది సూది, రెక్క దగ్గర చర్మం కిందికి అర మిల్లీలీటరు. చిన్నపిల్లకి ఆర్‌టూబీ వేయకూడదు, ఘాటు మందు, కాళ్ళు పడిపోతాయి. పెద్ద కోళ్ళకి కూడా ఆ రెండు మూడు రోజులు కాస్త మందంగా ఉండొచ్చు, గుడ్లు తగ్గొచ్చు, భయపడకండి. అప్పటికే ఈకలు విప్పుకుని కూర్చున్న కోడికి మాత్రం ఆ రోజు వేయొద్దు. కోడి మశూచికి వేరే టీకా ఉంది, కళ్ళ చుట్టూ, తురాయి మీద పొక్కులొస్తాయి చూడండి, అది. ఆసుపత్రిలో అడిగితే ఎప్పుడు వేయాలో చెప్తారు.

మందు చల్లగా ఉండాలి. ఇది మాత్రం వందసార్లు చెప్తాను. ఆసుపత్రి నుంచి ఐసు ముక్కలు వేసిన ఫ్లాస్కులో తేవాలి, చేతి సంచిలో బస్సులో తెస్తే ఇంటికొచ్చేసరికి అది ఉత్త నీళ్ళు. మొదటిసారి మేము అలాగే పాడుచేశాం. ఎండలో సైకిల్ హ్యాండిల్‌కి తగిలించి తెచ్చాడు ఒక పిల్లాడు, పాపం వాడికేం తెలుసు, చెప్పనిది నేను. ఆ సీసా పారేసి మళ్ళీ తెచ్చుకున్నాం.

మా వీధిలో ఒక్క మామ్మ ఒప్పుకోలేదు. డెబ్బై అయిదు దాటాయి ఆవిడకి. కోళ్ళు పోవడం అమ్మవారి కోపం, సూదులు వేస్తే ఇంకా కోపమొస్తుంది అంది. నేను ఆవిడతో వాదించలేదు. అమ్మవారికి మొక్కుకుందాం మామ్మా, పసుపు నీళ్ళు చల్లుదాం, సూదీ వేద్దాం అన్నాను. వినలేదు. సరే, మిగతా పదమూడు ఇళ్ళకీ వేయించాం. మరుసటి ఎండాకాలం కింద వీధిలో కొక్కెర వచ్చింది, మా వీధిలో పోయినవి మామ్మ కోళ్ళు ఏడు. మామ్మ ఏడవలేదు. మర్నాడు మా ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి, 'ఈసారి నా పేరు కూడా రాయి' అంది. అప్పుడు ఆవిడకి ఒక్క కోడి కూడా లేదు. పేరు రాసుకున్నాను. మా ఇంట్లోవి రెండు పెట్టలిచ్చాను.

(సభలో ఒకరు వనరాజా కోళ్ళ గురించి అడిగారు.)

మంచి ప్రశ్న అడిగారు వదినా. వనరాజా, గ్రామప్రియ, ఇవి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకానికని తయారుచేసిన రకాలు. మన ఊరిపెట్ట ఏడాదికి ఏభై అరవై గుడ్లు పెడితే వనరాజా నూరు దాటి పెడుతుంది, గ్రామప్రియ ఇంకా ఎక్కువ. నేను రెండేళ్ళు పెంచాను. గుడ్లకి బాగుంటాయి. కానీ అవి పొదగవు. పొదుగుకి కూర్చోని కోడితో వచ్చే ఏడాదికి మళ్ళీ పిల్లల్ని కొనాలి. ఒళ్ళు బరువు, చెట్టెక్కలేవు, గద్ద నీడ పడితే మన పెట్ట ఒక్క అరుపుతో పిల్లల్ని రెక్కల కింద దాచేస్తుంది, వనరాజా అలా చూస్తూ నిలబడిపోవడం నేను కళ్ళారా చూశాను. అందుకని నా మాట ఏమిటంటే, గుడ్ల కోసం రెండో మూడో అవి ఉంచుకోండి, మిగతావి ఊరి పెట్టలే ఉండనివ్వండి. పొదుగుకొచ్చిన ఊరి పెట్ట కింద వాటి గుడ్లు పెట్టుకోవచ్చు.

పొదుగు పెట్టడం మీకందరికీ వచ్చు. అయినా రెండు మాటలు. వారం దాటిన గుడ్డు పెట్టకండి, కడగకండి. గంపలో ఊకా బూడిదా వేసి, పది పన్నెండు గుడ్లకి మించకుండా పెట్టండి, ఆశపడి ఇరవై పెడితే పెట్ట రెక్క కిందకి రానివి చల్లబడి అన్నీ పాడవుతాయి. బొగ్గు, ఇనపముక్క, ఎండుమిరపకాయ మా అత్తగారు పెట్టేది, నేనూ పెడతాను, దానివల్ల నష్టమేం లేదు. ఏడో రోజు రాత్రి గుడ్డుని టార్చి లైటు మీద పెట్టి చూడండి. ఎర్రటి దారాలు సాలెగూడులా కనిపిస్తే పిల్ల ఉంది. ఏమీ లేకుండా తేటగా ఉంటే తీసేయండి. మొదటిసారి మా మనవరాలికి అలా చూపిస్తే, దారాల మధ్య చిన్న చుక్క టకటకమని కొట్టుకోవడం చూసి, 'నానమ్మా, దీనికి గుండె వచ్చేసింది' అని ఆ గుడ్డు మళ్ళీ గంపలో పెట్టడానికి రెండు చేతులూ వాడింది. ఇరవై ఒకటో రోజు వరకూ రోజూ రాత్రి గంప దగ్గర చెవి పెట్టేది.

పుంజుని రెండేళ్ళకొకసారి మార్చండి, ఒకే రక్తం తిరిగితే పిల్లలు బలంగా పుట్టవు. కొత్త పుంజు, కొత్త పెట్ట ఏదైనా సరే, ఇంటికి రాగానే మందలో వదలకండి. దూరంగా వేరే గంప కింద రెండు వారాలు. వేరే గిన్నె, వేరే నీళ్ళు. మన కోళ్ళకి మేత వేశాక చివర్లో దాని దగ్గరికి వెళ్ళండి. ఆ నల్ల పుంజుని రెండు వారాలు పక్కన ఉంచి ఉంటే నా ఎర్ర పెట్ట బతికి ఉండేది.

ఒకేసారి చాలా కోళ్ళు పోతే, కొక్కెరే అని మీరే తీర్మానించుకోకండి. 2006లో మన దేశంలో బర్డ్ ఫ్లూ మొదటిసారి బయటపడింది మహారాష్ట్రలో నందుర్‌బార్ జిల్లా నవాపూర్‌లో, అదీ సరిహద్దు ఊరే. చచ్చిన కోడిని ఈకలు పీకొద్దు, వండొద్దు, ఏట్లో వేయొద్దు. చేతులకి కవర్లు తొడుక్కుని లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చండి, పశువుల డాక్టరుకి ఫోన్ చేయండి.

టైమవుతోందని అధ్యక్షురాలు చెయ్యి చూపిస్తున్నారు, ఒక్క నిమిషం. ఇక్కడ ఎనిమిది సంఘాల వాళ్ళున్నారు. వెళ్ళేముందు ఒక కాగితం తిప్పుతున్నాను. వీధి పేరు, ఇళ్ళెన్ని, రెండు నెలలు దాటిన కోళ్ళెన్ని, చిన్నపిల్లలెన్ని, ఈ నాలుగే రాయండి. నూరుకి తక్కువైతే పక్క వీధిని కలుపుకోండి, ఎక్కువైతే రెండు సీసాలు చెప్దాం. సవర ఊళ్ళ వాళ్ళని కూడా అడగండి, వాళ్ళు సంతకి వచ్చే రోజు చూసుకుని చెప్పండి. ఎవరింట్లో ఫ్రిజ్ ఉందో వాళ్ళ పేరు పక్కన గుర్తు పెట్టండి. వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికల్లా టీకా వేసే అమ్మాయి వస్తుంది. శనివారం రాత్రే కోళ్ళన్నింటినీ గంపల కింద మూసి ఉంచండి, తెల్లారాక గూడు తెరిచేశారంటే ఇక ఆ రోజు ఒక్కటీ దొరకదు.